జెంటూ: మద్రాసులో ఒకప్పుడు మన భాషకున్న ఇంగ్లీషు పేరు

1987 ప్రాంతం. మద్రాసు జార్జిటౌన్‌లో ఒక బ్యాంకు బ్రాంచిలో నేను అడ్వాన్సుల సెక్షన్ చూస్తుండేవాణ్ణి. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకోవడానికి ఒక వ్యాపారి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ కాగితాలు చాలని చెప్పినా వినకుండా, వాళ్ళ ముత్తాతల నాటి దస్తావేజు నకళ్ళన్నీ ఒక గుడ్డసంచిలో వేసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. అప్పు కోసం కాదులెండి, మా ఇల్లు ఎంత పాతదో చూడండి అన్న గర్వం కోసం. వాటిల్లో 1830ల నాటి ఒక పత్రానికి ఇంగ్లీషు నకలు ఉంది. చివర సంతకం ఉండాల్సిన చోట బ్రాకెట్టులో ‘సైన్డ్ ఇన్ జెంటూ’ అని ఉంది.

టైపిస్టు ఏదో తప్పు కొట్టాడనుకున్నాను. పెన్సిలుతో పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ఫైలు మా ప్యానెల్ లాయరుకి పంపించాను. ఆయన మైలాపూరు తమిళాయన, పెద్దమనిషి. రెండు రోజుల తర్వాత ఫైలు తీసుకుని తనే బ్రాంచికి వచ్చి నవ్వుతూ అన్నాడు: “సార్, మీరు ప్రశ్న పెట్టింది మీ భాష మీదే. జెంటూ అంటే తెలుంగు.”

నాకు తల కొట్టేసినట్టయింది. తెలుగు ఇంట్లో పుట్టి, హొసూరు పక్కన తెలుగు బడిలో చదివి, నా భాషకి ఇలాంటి పేరొకటి ఉండేదని ఒక తమిళాయన చెబితే గాని తెలియలేదు.

ఆ ఆదివారం ఊరికి వెళ్ళినప్పుడు మా చిన్నాయనని అడిగాను. ఆయన తెలుగు అయ్యవారు, ముప్ఫై ఏళ్ళకి పైగా బడిలో చెప్పిన మనిషి. నేను మాట పూర్తి చేసేలోపే అందుకున్నాడు. “ఏమిరా, బీకాం చదివినావు, ఇది తెలీదా నీకు? జంతువు రా, జంతువు. తెల్లోడు మనల్ని జంతువులని పిలిచినాడు. వాడి నోటికి తిరక్క జెంటూ అయింది.” ప్రతి ఏడూ పదో క్లాసు పిల్లలకి ఈ మాట చెబుతాననీ, పిల్లలు కోపంతో ఎర్రబడతారనీ కూడా చెప్పాడు. చిన్నాయన మాటకి మా ఇంట్లో ఎదురు ఉండేది కాదు. నేనూ అలాగే నమ్మాను. పాతికేళ్ళు, నలుగురికీ అదే చెప్పాను కూడా.

రిటైరయ్యాక తీరిక దొరికి, ఈ మాట సంగతేమిటో చూద్దామని కూర్చున్నాను. మా చిన్నాయన దగ్గర చదివినవాళ్ళు కొందరు ఇది చదువుతూ ఉంటారు. వాళ్ళకి ముందే చెబుతున్నాను, ఆయన చెప్పింది సరి కాదు. అయితే పూర్తిగా తప్పని కొట్టేయడానికీ లేదు. ఎందుకో చెబుతాను.

జెంటూ అన్నది పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు. పోర్చుగీసు వాళ్ళ ‘జెంతియు’ని ఇంగ్లీషువాళ్ళు తీసుకుని నోటికొచ్చినట్టు మార్చుకున్నారు. 1600ల నాటి ఇంగ్లీషు రాతల్లో జెంట్యూ, జెంటూ అని రకరకాలుగా కనిపిస్తుంది. పోర్చుగీసులో ఆ మాటకి అర్థం, క్రైస్తవుడూ యూదుడూ మహమ్మదీయుడూ కానివాడు, విగ్రహాలకి మొక్కేవాడు అని. మహమ్మదీయుల్ని వాళ్ళు ‘మౌరు’ అనేవాళ్ళు, దాన్నే ఇంగ్లీషువాళ్ళు ‘మూర్’ చేశారు. ఇండియాలో కనిపించిన జనాన్నంతా ఈ రెండు ఖాతాల్లో వేసేశారన్నమాట. తమాషా ఏమిటంటే 1498లో వాస్కో డ గామా మనుషులు కాలికట్టులో గుడి చూసి చర్చి అనుకున్నారు. మనవాళ్ళని మొదట్లో క్రైస్తవులనే భ్రమపడ్డారు. జెంతియు ఖాతాలోకి మార్చడం ఆ తర్వాత సంగతి.

ఆ పోర్చుగీసు మాట లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో ‘గెన్స్’ అంటే వంశం, తెగ. ‘గెంటిలిస్’ అంటే ఆ వంశానికి చెందినవాడు. ఇందులో తిట్టేమీ లేదు. మన ఇంటిపేరు వాడు అన్నట్టు. ఇక్కణ్ణించి ఆ మాట రెండు దారులు పట్టింది. చర్చి లాటిన్‌లో ఇతర జాతులవాళ్ళు, అంటే మన మతం కానివాళ్ళు అనే అర్థం వచ్చింది. బైబిల్లో కనిపించే ‘జెంటైల్’ అదే. ఫ్రెంచి దారిలో వెళ్ళింది మాత్రం మంచి వంశంలో పుట్టినవాడు, మర్యాదస్తుడు అయింది. ఇంగ్లీషు ‘జెంటిల్’, ‘జెంటిల్‌మన్’ ఆ దారిలోవే. అన్నదమ్ముల్లో ఒకడు దొర, ఒకడు అన్యుడు. మా బ్రాంచిలో బాత్రూం తలుపు మీద రాసిన ‘జెంట్స్’కీ, ఆ దస్తావేజులో రాసిన జెంటూకీ మూలం ఒకటేనని తెలిసినప్పుడు ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

మరి ఇందులో జంతువు ఎక్కడిది?

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. ఆ కథ కట్టింది మా చిన్నాయన కాదు. ఆయన కంటే రెండు వందల ఏళ్ళ ముందు ఒక తెల్లోడే కట్టాడు. బెంగాల్లో వారన్ హేస్టింగ్స్ పదకొండుమంది పండితుల చేత ధర్మశాస్త్రాన్ని సంస్కృతంలో కూర్పించి, పార్సీలోకి తిప్పించాడు. దాన్ని నాథానియెల్ హాల్‌హెడ్ అనే కుర్రాడు ఇంగ్లీషు చేశాడు. 1776లో ‘ఎ కోడ్ ఆఫ్ జెంటూ లాస్’ అన్న పేరుతో లండన్‌లో అచ్చయింది. దాని ముందుమాటలో హాల్‌హెడ్ ఈ పేరు గురించి తర్కం చేశాడు. సంస్కృతంలో జంతు అనే మాట ఉంది, ప్రాణి అని, ఇంకా చెప్పాలంటే మనిషి అని దాని అర్థం, ఇక్కడి జనం నోట ఆ మాట పదేపదే విని పోర్చుగీసువాళ్ళు అదే వీళ్ళ పేరనుకుని ఉంటారు అని ఊహించాడు. అంటే హాల్‌హెడ్ లెక్క ప్రకారం అది తిట్టు కాదు. మానవుడు అన్నట్టే. మా చిన్నాయన హాల్‌హెడ్‌ని చదివి ఉండడు. ఇద్దరికీ చెవికి తగిలిన పోలిక ఒకటే, పుట్టిన అర్థాలు వేరు.

ఇద్దరిదీ తప్పే. బ్యాంకులో ఏ ఎంట్రీ నిజమా కాదా అని చూడాలంటే ముందు తేదీ చూస్తాం. ఇక్కడా అంతే. పోర్చుగీసువాళ్ళు ఆఫ్రికాలో క్రైస్తవులు కానివాళ్ళనీ జెంతియు అన్నారు. సముద్రానికి అవతల బ్రెజిల్ అడవుల్లో ఉన్నవాళ్ళనీ జెంతియు అన్నారు. అక్కడ సంస్కృతం మాట్లాడేది ఎవరు, జంతు అన్నమాట పలికేది ఎవరు? ఆ మాట ఇండియాకి ఓడలో వచ్చింది, ఇక్కడ పుట్టలేదు.

కానీ చూడండి. లాటిన్ గెన్స్‌కి మూలమైన ధాతువు పుట్టడం అనే అర్థమిచ్చేది. సంస్కృతంలో జన్ అనే ధాతువు దానికి తోబుట్టువు. జనం, జన్మ, జాతి అన్నీ అందులోంచి వచ్చినవే. జంతువూ అందులోంచే. జంతువు అంటే అసలు అర్థం పుట్టినది. సంస్కృతంలో మనిషిక్కూడా చెల్లేది. మన తెలుగులోకి వచ్చేసరికి నాలుగు కాళ్ళ దానికి కుదించుకుపోయింది. కాబట్టి జెంటూ జంతువు నుంచి రాలేదు గాని, ఎన్నో వేల ఏళ్ళ వెనక రెండిటికీ ముత్తవ్వ ఒకతే. చిన్నాయన చెప్పిన చుట్టరికం ఉంది. ఆయన చెప్పిన వరస మాత్రం కాదు.

సరే, జెంటూ అంటే హిందువు. బెంగాల్లో అదే అర్థం. 1781లో పార్లమెంటు చేసిన చట్టంలో కూడా, కలకత్తా సుప్రీంకోర్టులో వారసత్వాలూ ఒప్పందాలూ మహమ్మదీయులకి వాళ్ళ ఆచారం ప్రకారం, జెంటూలకి వాళ్ళ ఆచారం ప్రకారం తీర్పు చేయాలని రాశారు. మేం బీకాంలో కాంట్రాక్టు యాక్టు 1872 అని బట్టీపట్టాం. అంతకు ముందు బేరసారాల తగాదాలకి ఏ చట్టం ఉండేదో ఒక్క మాస్టరూ చెప్పలేదు.

మద్రాసుకి వచ్చేసరికి ఈ మాటకి ఇంకో అర్థం ఎక్కడిది? హిందువులందరి పేరు తెలుగువాళ్ళ ఒక్కరి పేరెలా అయింది? నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టిన ప్రశ్న ఇదే.

యూల్, బర్నెల్ అని ఇద్దరు దొరలు ఇలాంటి మాటలన్నీ పోగుచేసి 1886లో ‘హాబ్సన్ జాబ్సన్’ అనే నిఘంటువు వేశారు. బర్నెల్ మన మద్రాసు రాజధానిలోనే ఉద్యోగం చేసినవాడు. ఆ పుస్తకం వచ్చేనాటికి జెంటూ మాట అంతా పోయిందనీ, మద్రాసులో మాత్రం తెలుగు అనే అర్థంలో ఇంకా కొంచెం మిగిలి ఉండొచ్చనీ రాశారు. పోర్చుగీసువాళ్ళు వచ్చేనాటికి దక్షిణాన పెత్తనం విజయనగరానిది, అది తెలుగు రాజ్యం కనుక ఆ పేరు తెలుగువాళ్ళకి అతుక్కుని ఉంటుందని వాళ్ళ ఊహ.

నాకు అది సగమే సరి అనిపిస్తుంది. మిగతా సగానికి మద్రాసులోనే సమాధానం ఉంది. ఇంగ్లీషువాళ్ళు మొదట కొట్టు పెట్టింది మచిలీపట్నంలో, 1611లో. తర్వాత 1626లో నెల్లూరు సీమలో దుర్గరాజపట్నం, దాన్ని వాళ్ళు అర్మగాన్ అన్నారు. రెండూ తెలుగు ఊళ్ళే. 1639లో మద్రాసు స్థలం ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. ఎవరి దగ్గర స్థలం తీసుకున్నారో ఆ దొరల భాష తెలుగు. కాని కోట చుట్టూ ఉన్న ఊళ్ళలో అరవం మాట్లాడేవాళ్ళూ అంతకంత ఉన్నారు. ఇద్దరూ హిందువులే, భాషలు వేరు. గుమాస్తాకి రెండు పేర్లు కావాలి.

తమిళానికి అప్పటికే ఒక తప్పు పేరు ఉంది, ‘మలబార్’ అని. పోర్చుగీసువాళ్ళు ముందు పడమటి తీరంలో దిగారు, అక్కడ విన్న భాషకి మలబార్ అని పేరు పెట్టుకున్నారు, తూర్పు తీరానికి వచ్చి తమిళం విని ఇదీ అదే అనుకున్నారు. ఆ తప్పు ఎంత గట్టిదంటే, 1779లో వేపేరిలో ఫాబ్రిసియస్ వేసిన తమిళ నిఘంటువు పేరులో కూడా మలబార్ అనే ఉంటుంది. అలా తమిళులు మలబార్లు అయిపోయారు. ఇక మిగిలినవాళ్ళు ఉత్త జెంటూలు. లెక్కలు చేసినవాళ్ళకి నేను చెప్పేది తెలుస్తుంది. పేరున్న ఖాతాలన్నీ తీసేశాక మిగిలిన మొత్తాన్ని ఒక తలకట్టు కింద వేస్తామే, బ్యాలెన్సింగ్ ఫిగర్, అలాగే మనవాళ్ళు జెంటూలో మిగిలిపోయారని నా అభిప్రాయం.

ఇదంతా పోర్చుగీసు వల్ల ఎందుకు జరిగింది అంటే, ఆ కాలంలో తీరం వెంబడి తెల్లవాళ్ళకీ దుబాసీలకీ మధ్య నడిచిన భాష ఇంగ్లీషు కాదు, పోర్చుగీసు. 1698లో కంపెనీకిచ్చిన చార్టరులో, ఇండియాకి పంపే పాదిరీలు ఏడాది లోపల పోర్చుగీసు నేర్చుకోవాలని షరతే పెట్టారు. మనకి ఇంగ్లీషువాడు పెట్టిన పేరు పోర్చుగీసులో ఉండడంలో వింతేమీ లేదు.

ఈ పేరు ఎలా పోయిందో పుస్తకాల అట్టల మీద చూడొచ్చు. 1814లో బెంగాల్లోని శ్రీరాంపూరు నుంచి విలియం కేరీ మన భాషకి వ్యాకరణం వేశాడు, తెలింగ అనే పేరుతో. బెంగాలువాళ్ళు మనల్ని పిలిచే పేరు అది. 1816లో మద్రాసులో కాంబెల్ వ్యాకరణం వచ్చింది. దాని పేరులో తెలుగు అనే మాట ఉంది, వెంటనే దాన్నే మామూలుగా జెంటూ అంటారు అని కూడా ఉంది. 1817లో విలియం బ్రౌన్ వేసిన వ్యాకరణం మీద ఒట్టి జెంటూయే, 1818లో ఆయన పదకోశం మీదా అంతే. నాలుగేళ్ళలో మన భాషకి మూడు పేర్లు! 1840లో సీపీ బ్రౌన్ వ్యాకరణం వచ్చేనాటికి తెలుగు అన్న పేరు నిలిచింది. (ఈ ఇద్దరు బ్రౌన్లనీ కలిపేయకండి. నేను ఒకసారి ఒక సభలో కలిపేసి, వెనక వరసలో ఒక అమ్మాయి చేత చక్కగా చివాట్లు తిన్నాను.)

ఆ కాంబెల్ పుస్తకం గురించి ఒక్క మాట చెప్పాలి. అట్ట మీద జెంటూ అని మోసుకున్న ఆ పుస్తకంలోనే ఎల్లిస్ రాసిన ముందుమాట ఉంది. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదు, తమిళం, కన్నడాలతో కలిసి వేరే కుటుంబం అని అచ్చులో మొదటిసారి ఉదాహరణలతో చూపించింది ఆ ముందుమాటే. కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది ఇంకో నలభై ఏళ్ళకి, 1856లో. పేరు తప్పుగా రాసుకున్న ఫైల్లోనే అసలు పత్రం దొరికిందన్నమాట.

ఇంత చదివాక నాకు మిగతా పేర్ల మీదకి దృష్టి పోయింది. ఎందుకంటే మనం బయట సీమల్లో ఉన్నవాళ్ళం, మనకి పక్కవాళ్ళు పెట్టిన పేర్లతోనే బతికాం. తమిళంలో మనం వడుగులం. వడ అంటే ఉత్తరం, ఉత్తరాన్నించి వచ్చినవాళ్ళమని. మా చిన్నతనంలో హొసూరు సంతలో ఆ మాట తిట్టులాగా కూడా వినేవాళ్ళం, మామూలుగానూ వినేవాళ్ళం, అనేవాడి మొహాన్ని బట్టి. అదే మాట కన్నడ వైపు బడగ అయింది. నీలగిరి బడగలకీ ఆ పేరు ఉత్తరాన్నించి దిగి వచ్చినందుకే. 1544లో ఫ్రాన్సిస్ జేవియర్ తన ఉత్తరాల్లో ముత్యాల తీరం మీద పడి దోచుకున్న బడగల గురించి మొర పెట్టుకున్నాడు. వాళ్ళు తెలుగు నాయకుల సైనికులు. ఒడిశాలో మనవాళ్ళు తెలెంగాలు. ఉత్తరాదిన ‘తిలంగా’ అంటే ఏకంగా సిపాయి అని అర్థం వచ్చేసింది, క్లైవుతో బెంగాలుకి వెళ్ళిన మొదటి సిపాయిలు మన దక్షిణాదివాళ్ళు కాబట్టి. 1857లో ఢిల్లీ జనం తిరగబడ్డ సిపాయిల్ని తిలంగాలనే అన్నారు, అప్పటికి వాళ్ళలో దాదాపు అందరూ అవధ్, బీహారు మనుషులైనా సరే. బొంబాయిలో కామాఠీలు, కామాఠీపురా ఆ పేరుతోనే ఉంది. యానాం వాళ్ళకి ఇంకొకటి చెప్పాలి. బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు. మీ పక్కన ఉన్న కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చారు కాబట్టి. రంగూన్ హార్బరులో మూటలు మోసింది వాళ్ళే, 1930 అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వాళ్ళే.

వీటిల్లో ఒక్కటీ మనం పెట్టుకున్నది కాదు. ఎటువైపు నుంచి వచ్చాం, ఏ రేవులో ఎక్కాం, ఏ పని చేస్తూ కనిపించాం, అదే పేరయింది. ఆ వరసలో పెడితే జెంటూ కొంచెం వేరు. అందులో మన ఊరూ లేదు, దిక్కూ లేదు, పనీ లేదు. మన దేవుడి మీద మాత్రం ఒక వ్యాఖ్య ఉంది, అదీ పిలిచేవాడే మర్చిపోయిన వ్యాఖ్య. 1830ల్లో ఆ నకలు రాసిన గుమాస్తాకి జెంటూ అంటే అన్యమతస్థుడని గుర్తుండి ఉంటుందని నేననుకోను. అతనికి అది ఒక లిపి పేరు, అంతే. కాబట్టి చిన్నాయన పిల్లలకి నేర్పిన కోపం ఆ గుమాస్తా మీద చెల్లదు. అంతకు మూడు వందల ఏళ్ళ ముందు ఓడ దిగినవాడి మీద అయితే చెల్లుతుంది.

ఈ మాట ఇప్పటికీ బతికే ఉంది, మన దగ్గర కాదు. దక్షిణ ధ్రువం వైపు ఒక జాతి పెంగ్విన్‌ని జెంటూ అంటారు. తల మీద తెల్లటి పట్టీ ఉంటుంది, నీళ్ళలో పెంగ్విన్లన్నిటికంటే జోరుగా ఈదుతుంది. దాని శాస్త్రీయ నామంలో పాపువా అని ఉంది, పాపువాలో పెంగ్విన్లే లేవు! పేరు పెట్టినవాడు 1781లో పొరపాటు పడ్డాడు. ఆ పక్షి పేరు మీద కంప్యూటర్లో జెంటూ లినక్స్ అని ఒకటి వచ్చింది. బెంగుళూరులో మా మనవడు దాన్ని లాప్‌టాప్‌లో వేసుకుంటుంటే చూసి, “అది మన భాష పేరు రా” అన్నాను. “తాతా, అది పెంగ్విన్” అన్నాడు. ఇద్దరం సరిగ్గానే చెప్పాం.

చిన్నాయనకి ఇదంతా చెప్పాలని ఉండేది. నేను హాబ్సన్ జాబ్సన్ తెరిచేనాటికి ఆయన పోయి మూడేళ్ళు. ఉంటే ఒప్పుకునేవాడా అంటే అనుమానమే. “ముత్తవ్వ ఒకతే అన్నావు కదా, ఇంకేం, నేను చెప్పిందీ అదే” అని ఉండేవాడు.

ఆ దస్తావేజు నకలు మళ్ళీ చూడాలని ఈ మధ్య చాలాసార్లు అనిపించింది. కస్టమరు కాగితం, సొంతానికి జిరాక్సు తీసుకోవడం తప్పు, తీసుకోలేదు. అప్పు తీరిపోయాక కాగితాలన్నీ తిరిగిచ్చేశాం. గుర్తున్నంతవరకూ అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. అసలు పత్రం మీద ఆ పెద్దాయన తన చేత్తో తెలుగులో ఏదో రాసి ఉంటాడు, పేరో, ఊరో, వ్రాలు అనో. నకలు రాసినవాడికి ఆ అక్షరాలు రావు. ఆ చోట ఒక బ్రాకెట్టు తెరిచి, మూడు ఇంగ్లీషు మాటలు రాసి, మూసేశాడు.